పైన ఏమున్నది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి నెల కింద ఫోన్ చేసి, "నువ్వు బండలెక్కుతావు కదా, పిల్లలకు హుషారు పుట్టేటట్టు ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. సరే అన్నాను కానీ తర్వాత ఆలోచనలో పడ్డాను. నేను ఎవరెస్టు ఎక్కలేదు. నా దగ్గర పతకాలు లేవు. వారంలో ఐదు రోజులు హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం పొద్దున్నే తాడు భుజాన వేసుకుని పోయే మామూలు మనిషిని. విజయగాథ చెప్పమంటే నా దగ్గర లేదు. తప్పు గాథ మాత్రం ఒకటుంది. దాన్ని చెప్పడానికి ఈ బడికంటే మంచి చోటు నాకు దొరకదు. ఎందుకంటే ఆ తప్పుకు విరుగుడు నాకు ఎనిమిదో తరగతిలోనే ఇక్కడ చెప్పారు. నేనే వినలేదు.

మన బడి వెనక గుట్ట మీకందరికీ తెలుసు. దాని మీది పెద్ద గుండు కూడా తెలుసు. మా రోజుల్లో ఆ గుండు ఎక్కినవాడే మొనగాడు. ఒక రోజు మధ్యాహ్నం బెల్లులో నేను, ఇంకో ఇద్దరం గుట్ట ఎక్కాం. వాళ్లిద్దరూ కింద నిమ్మళంగా రేగుపండ్లు ఏరుకుంటున్నారు. నేను గుండుకు అవతలి పక్కకు పోయి, సగం దాకా ఎక్కి, కాళ్లు వణికి, జారుకుంటూ దిగాను. మోచేయి గీరుకుపోయింది. ఇవతలికి వచ్చి "ఎక్కిన" అన్నాను. మోచేతి నెత్తురే సాక్ష్యం. సాయంత్రానికి క్లాసంతా తెలిసిపోయింది.

మరునాడు పీటీ పీరియడ్‌లో సారు నన్ను పిలిచారు. కొడతారేమో అనుకున్నాను. కొట్టలేదు. "గుండు ఎక్కినవట కదరా. పైన ఏమున్నది?" అని అడిగారు. "ఏముంటది సార్, బండే" అన్నాను. సారు నా ముఖం వైపు కాసేపు చూసి, "సరే, పో" అన్నారు. అంతే. నేను గెలిచాననుకున్నాను. ఆ చూపుకు అర్థం తెలియడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

బండలెక్కడం అనే ఈ ఆట గురించి రెండు మాటలు చెప్పాలి. క్రికెట్‌కు అంపైరు ఉంటాడు. కబడ్డీకి రెఫరీ ఉంటాడు. పరుగు పందెంలో గడియారం ఉంటుంది. కొండల్లో ఇవేవీ లేవు. మీరు, మీ తాడు పట్టుకున్న స్నేహితుడు, అంతే. ఒంటరిగా పోతే అతనూ లేడు. కిందికి వచ్చి "నేను ఎక్కాను" అంటే లోకం నమ్మాలి. ఈ ఆట మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది.

అందుకే ఈ ఆటలో పెద్దవాళ్లు ఆ మాటను చాలా జాగ్రత్తగా వాడారు. జర్మనీలో కుర్ట్ ఆల్బర్ట్ అనే ఆయన 1970లలో ఒక అలవాటు మొదలుపెట్టాడు. తాడు పట్టుకుని లాగకుండా, దాని మీద వేలాడి అలసట తీర్చుకోకుండా, సొంత చేతులతో కాళ్లతో పూర్తిగా ఎక్కిన బండ మొదట్లో ఎర్రరంగుతో ఒక చుక్క పెట్టేవాడు. ఆ ఎర్రచుక్క పేరే ఇవాళ ప్రపంచమంతటా ఒక లెక్కగా మారింది. ముందు ఎన్నిసార్లు పడినా సరే, చివరికి ఒక్కసారి పడకుండా ఎక్కితే దాన్ని రెడ్‌పాయింట్ అంటారు. ఏ ముందస్తు సమాచారం లేకుండా మొదటి ప్రయత్నంలోనే ఎక్కితే ఆన్‌సైట్ అంటారు. ఎవరో చెప్పింది విని మొదటిసారే ఎక్కితే ఫ్లాష్ అంటారు. చూసేవాడికి మూడూ ఒకటే, మనిషి పైకి చేరాడు. కానీ ఎలా చేరాడో చెప్పడానికి వాళ్లు మూడు మాటలు పుట్టించుకున్నారు. నిజాన్ని అంత సన్నగా తరిగి చెప్పుకునే ఆట ఇది.

అబద్ధాలు లేవా అంటే ఉన్నాయి. దక్షిణ అమెరికా కొసన పటగోనియాలో సెర్రో టోరె అనే శిఖరం ఉంది. సూదిలాంటి రాతి స్తంభం, నెత్తిన మంచు. 1959లో ఇటలీవాడైన చెజారె మాస్త్రి, ఆస్ట్రియావాడైన టోని ఎగ్గర్‌తో కలిసి దాన్ని ఎక్కానని ప్రకటించాడు. దిగేటప్పుడు మంచు విరుచుకుపడి ఎగ్గర్ చనిపోయాడని, కెమెరా అతనితోనే పోయిందని చెప్పాడు. ముందు అందరూ నమ్మారు. తర్వాత అనుమానాలు మొదలయ్యాయి. 1970లో మాస్త్రి కంప్రెసర్ యంత్రం మోయించుకుని వెళ్లి, వేరే వైపు నుంచి వందల బోల్టులు దిగ్గొట్టుకుంటూ ఎక్కాడు. అప్పుడు కూడా నెత్తిమీది మంచు పుట్టగొడుగు ఎక్కకుండానే దిగాడు. 2005లో ముగ్గురు ఆరోహకులు అతను 1959లో ఎక్కానన్న వైపే ఎక్కారు. కింది భాగంలో అతని వస్తువులు కనిపించాయి కానీ, ఆ పైన అతను చెప్పిన దారిలో ఒక్క ఆనవాలు దొరకలేదు. మాస్త్రి 2021లో కన్నుమూసేదాకా తన మాట మార్చుకోలేదు. ఒక మనిషి తన జీవితంలో అరవై ఏళ్లు ఒక వాక్యానికి కాపలా కాశాడు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు కోపం కంటే జాలే ఎక్కువ కలుగుతుంది.

మన దేశంలోనూ జరిగింది. 2016లో పుణెకు చెందిన ఇద్దరు పోలీసు ఉద్యోగులు, భార్యాభర్తలు, ఎవరెస్టు ఎక్కామని ప్రకటించారు. వాళ్లు చూపించిన శిఖరం ఫోటోలు వేరొక ఆరోహకుడివని, వాటిని మార్చి పెట్టారని బయటపడింది. నేపాల్ ప్రభుత్వం వాళ్ల ధ్రువపత్రాలు రద్దు చేసి, పదేళ్లపాటు ఆ దేశంలో పర్వతాలెక్కకుండా నిషేధించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తప్పు వేరు, అబద్ధం వేరు. ఎనిమిది వేల మీటర్లు దాటిన 14 శిఖరాలనూ మొదట ఎక్కిన మనిషిగా రీన్‌హోల్డ్ మెస్నర్ పేరు లోకమంతా తెలుసు. 1986లో ఆయన వాటిని పూర్తి చేశాడు. జర్మనీకి చెందిన యుర్గాల్‌స్కి అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి ఫోటోలు, కొలతలు సరిచూసి, 1985లో అన్నపూర్ణ మీద మెస్నర్ అసలు శిఖరానికి కొన్ని మీటర్ల దిగువన ఆగిపోయి ఉంటాడని తేల్చాడు. దాని ఆధారంగా గిన్నిస్ సంస్థ 2023లో ఆ రికార్డును మరొకరికి మార్చింది. మనాస్లు శిఖరం మీదా ఇలాంటిదే జరిగింది. ఏళ్లుగా చాలామంది శిఖరం అనుకుని ఆగిన చోటు శిఖరం కాదని 2021లో డ్రోన్ తీసిన ఒక ఫోటోలో స్పష్టంగా కనిపించింది. మెస్నర్ అబద్ధమాడాడని ఎవరూ అనలేదు. మబ్బులో, గాలిలో, ఊపిరాడని ఎత్తులో మనిషి పొరబడతాడు. పొరపాటు దిద్దుకోవచ్చు. అందుకు ముందు ఎవరో ఒకరు ఓపికగా అడగాలి.

అలా అడిగిన మనిషి ఒకామె ఉండేది. పేరు ఎలిజబెత్ హాలీ. అమెరికా నుంచి వచ్చి 1960 నుంచి కాఠ్మాండూలో స్థిరపడిన విలేకరి. ఆవిడ తన జీవితంలో ఏ పర్వతమూ ఎక్కలేదు. కానీ నేపాల్‌కు వచ్చిన ఆరోహక బృందం హోటల్‌లో సామాన్లు దించేలోపు ఆవిడ నీలం రంగు ఫోక్స్‌వ్యాగన్ కారు గుమ్మం ముందు ఉండేదట. వెళ్లేముందు ఒకసారి, దిగి వచ్చాక ఒకసారి కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగేది. ఏ దారిన పోయారు, ఎన్ని గంటలకు చేరారు, పైనుంచి ఏం కనిపించింది? 2018లో 94 ఏళ్ల వయసులో చనిపోయిన ఆవిడ సేకరించిన లెక్కలే ఇవాళ హిమాలయ ఆరోహణల చరిత్రకు ఆధారం. ఆవిడ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు చటుక్కున మన పీటీ సారు గుర్తుకొచ్చారు. ఆ ప్రశ్న నాకు పరిచయమున్నదే. పైన ఏమున్నది?

ఇప్పుడు నా సంగతికి వస్తాను.

2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. ఆనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. గురుకుల పాఠశాలలో చదివే నిజామాబాద్ జిల్లా పిల్ల. ఆమె, ఆమెతోపాటు ఎక్కిన ఆనంద్ మొదట బండలు పట్టడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీద. ఆ వార్త తర్వాత మన వైపు కుర్రకారులో బండలెక్కే ఉత్సాహం బాగా పెరిగింది. ఉండాలి కూడా. దక్కన్‌లో మనకున్నటువంటి రాళ్లు ఎక్కడివి? సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. నెర్రెలు, పరుపుబండలు, గుండ్లు, అన్నీ ఇంటి పక్కనే. లేనిదల్లా నేర్పేవాళ్లు. ఉన్న కొద్దిమంది దగ్గరికి అందరూ పోలేరు కదా. పిల్లలు ఫోన్‌లో చూసి నేర్చుకోవడం మొదలుపెట్టారు. నేను ఆ ఫోన్‌లో రాసేవాళ్లలో ఒకడినయ్యాను.

ఎక్కిన ప్రతి బండ గురించి ఫోటో పెట్టి నాలుగు ముక్కలు రాసేవాణ్ణి. తెలుగులో అలా రాసేవాళ్లు తక్కువ. చదివేవాళ్లు పెరిగారు. "అన్నా, మీరు చెప్తే చాలు" అని సందేశాలు వచ్చేవి. ఆ మాట మత్తు లాంటిది. ఎనిమిదో తరగతిలో మోచేతి నెత్తురు చూపించినప్పుడు ఎలా ఉందో, అప్పుడూ అలాగే ఉంది.

2017 చలికాలంలో నగరానికి దూరంగా ఒక బండకు పోయాం. ఆ ఊరి పేరు చెప్పను. స్నేహితుడు వెనక నుంచి నడిచి పైకి పోయి, అక్కడున్న రెండు బోల్టులకు తాడు కట్టి వదిలాడు. నేను కింద నుంచి ఎక్కాను. రెండుసార్లు తాడు మీద వేలాడాను. చివరి రెండు మీటర్లు వేళ్లు పట్టు చాలక, అక్కడి నుంచే దింపమన్నాను. ఇంటికొచ్చి మంచి ఫోటో పెట్టి మూడు వాక్యాలు రాశాను. "యాంకర్ బోల్టులు గట్టిగా ఉన్నాయి. 50 మీటర్ల తాడు సరిపోతుంది. కొత్తవాళ్లు కూడా హాయిగా ఎక్కవచ్చు."

ఒక్కొక్క వాక్యం చూడండి. బోల్టులు గట్టివని రాశాను. నేను వాటిని ముట్టుకోలేదు, దగ్గరనుంచి చూడలేదు కూడా. కొత్తవాళ్లు హాయిగా ఎక్కవచ్చని రాశాను. నేనే రెండుసార్లు వేలాడి, పూర్తి చేయకుండా దిగాను. ఇక 50 మీటర్లు. ఆ రోజు మేం వాడింది 60 మీటర్ల తాడు. 50 అన్న అంకె నేను వేరొకరి రాతలో చూశాను. చూసినట్టు గుర్తు, అంతే. కొలవలేదు.

తాడు లెక్క తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఎక్కినవాణ్ణి పై యాంకర్ మీదుగా కిందికి దించాలంటే తాడు కింద నుంచి పైకి, పై నుంచి మళ్లీ కిందికి రావాలి. అంటే బండ ఎత్తుకు రెండింతల తాడు, ఆపైన కొంచెం మిగులు కావాలి. 50 మీటర్ల తాడుతో 25 మీటర్లు కూడా పూర్తిగా దిగలేం. మన లెక్కల సారు ఐదో తరగతివాడిని లేపి అడిగినా చెప్పే లెక్క ఇది. ఆ బండ ఎత్తు 28 మీటర్లు.

మూడు నెలల తర్వాత ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్లు 50 మీటర్ల తాడుతో అక్కడికి పోయారు. ఒకడు పైకి ఎక్కాడు. రెండోవాడు కిందనుంచి దింపుతున్నాడు. అతని కళ్లు పైన ఉన్నాయి. తాడు కొస తన చేతుల్లోకి, బిలే పరికరంలోకి వస్తున్నది అతను చూడలేదు. కొసకు ముడి వేసి ఉంటే అక్కడ ఆగేది. ముడి వేయలేదు. కొస పరికరంలోంచి జారిపోయింది. పైనున్నవాడు పన్నెండు, పదమూడు అడుగుల మీద నుంచి కింద బండమీద పడ్డాడు. కుడి కాలి మడమ ఎముక పగిలింది.

ఆ రాత్రి రెండోవాడు నాకు ఫోన్ చేశాడు. అతను నన్ను తిట్టలేదు. "అన్నా, మీరు కొలిచిండ్రా?" అని అడిగాడు. "రేపు మాట్లాడదాం" అని ఫోన్ పెట్టేశాను. తర్వాత నేను చేసిన పని చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. ఫోన్ తీసి నా రాతలో 50 అన్నచోట 60 అని మార్చాను. కింద ఏ వివరణా రాయలేదు. కొత్తవాళ్లు అన్న వాక్యం తీసేశాను. రెండు నిమిషాల పని. పొద్దున లేచేసరికి అది మొదటి నుంచీ అలాగే ఉన్నట్టు ఉంది. మొదటి మూడు వాక్యాలు నిర్లక్ష్యం. ఈ రెండు నిమిషాలది నిర్లక్ష్యం కాదు. దీనికి వేరే పేరుంది.

వారం తర్వాత ఆసుపత్రికి పోయాను. పండ్లు పట్టుకుని, పరామర్శకు వచ్చిన పెద్దమనిషిలా పోయాను. కాలికి కట్టుతో ఆ కుర్రాడు, పక్కన వాళ్ల నాన్న. ఆయన లారీ డ్రైవరు. కుర్రాడు నన్ను చూసి లేవబోయాడు. "ముడి వెయ్యకపోవుడు మా తప్పే అన్నా" అని అతనే ముందు అన్నాడు. నాకు ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. నా పాత రాత, 50 అంకెతో సహా. బండకు పోయే ముందు రోజు దాచుకున్న స్క్రీన్‌షాట్. "ఇప్పుడు చూస్తే 60 అని ఉన్నదన్నా. నేనే తప్పు చదివిన్నా అని మళ్ల మళ్ల చూసుకున్న" అన్నాడు.

ఆ మాట నన్ను తిట్టుకంటే గట్టిగా తాకింది. నేను అంకె మార్చి నా తప్పు దాచుకోవడమే కాదు, పడ్డవాడికి వాడి కళ్ల మీద వాడికే అనుమానం పుట్టించాను.

వాళ్ల నాన్న అడిగాడు. "సారూ, మీరు కొలిచి రాసిండ్రా, అందాజగ రాసిండ్రా?" కొలవలేదన్నాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "రాత్రి పూట ముంగట రోడ్డు తెగితే ఎదురొచ్చే లారీవాడు లైటు కొట్టి చెయ్యి ఊపుతడు సారూ. మేం ఆగుతం. వాడెవడో మాకు తెల్వది. కానీ చూసొచ్చినోడే ఊపుతడని నమ్మకం. చూడనోడు కూడా ఊపవట్టిండనుకో, ఇగ రోడ్డు మీద ఎవడు ఎవని నమ్మాలె?"

ఆ ఆదివారం పొడుగు టేపు పట్టుకుని మళ్లీ ఆ బండకు పోయాను. ఈసారి వెనక నుంచి నేనే నడిచిపోయి బోల్టులు చూశాను. రెండింటిలో ఒకటి చేత్తో తిప్పితే తిరుగుతున్నది. అది ఇంతకాలం ఆగడం మా అదృష్టం. బోల్టు తల మెరుస్తూ ఉంటుంది, తుప్పు రాతి లోపల ఉంటుంది. థాయిలాండ్ సముద్రపు ఒడ్డు బండల్లో స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే పైకి బాగా కనిపిస్తూ లోపల పగిలిపోతే, అక్కడివాళ్లు టైటానియం బోల్టులకు మారాల్సి వచ్చింది. ఫోటో చూసి బోల్టును నమ్మకూడదు.

ఆ రాత్రి ఉన్నది ఉన్నట్టు రాశాను. ఏది చూడకుండా రాశానో, ఏది ఎవరి దగ్గర విని రాశానో, ప్రమాదం తర్వాత దొంగచాటుగా ఏం మార్చానో, అన్నీ. రాసే ముందు ఆ 50 ఎక్కడి నుంచి వచ్చిందో వెతికాను. నేను చూసిన రాత ఎవరిదో పట్టుకుని అడిగితే అతను ఏమన్నాడో తెలుసా? "అన్నా, ఆ బండది నీ పాత ఫోటో ఉంది కదా, దాని కింద ఎవరో 50 చాలు అని అంటే రాసిన" అన్నాడు. ఆ ఎవరో ఫోటో చూసి అంచనా వేసినవాడు. అక్కడి నుంచి అతనికి, అతని నుంచి నాకు, నా నుంచి ఇంకో రెండు చోట్లకు పోయింది ఆ అంకె. ఆ కుర్రాళ్లు బాధ్యత లేనివాళ్లు కాదు. మూడు చోట్ల వెతికి చూశారు. మూడు చోట్లా 50 అనే ఉంది. మూడు సాక్ష్యాలున్నాయి కదా అని నమ్మారు. మూడు నోళ్లే కానీ చూసిన కన్ను ఒక్కటీ లేదు.

నేను రాసింది చదివి కొందరు తిట్టారు. తిట్టవలసిందే. కొందరు స్నేహితులు "ఇంత బజారున పెట్టుకోవాల్నా?" అన్నారు. కానీ ఆ నెలలో ఐదారుగురు తమ పాత రాతలు తామే దిద్దుకున్నారు. "ఫలానా బండ బోల్టులు నేను కూడా చూడకుండానే రాశాను" అని ఒకరు, "నేను ఎక్కానన్నది అబద్ధం" అని ఇంకొకరు. నా 50 ఉన్న రెండు చోట్లకూ రాశాను. ఒకరు దిద్దారు. ఒక చోట ఇవాళ్టికీ 50 అనే ఉంది. ఇప్పుడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే యంత్రాలు వచ్చాయి. అవి మనం రాసినవే చదువుకుని, మనకంటే శుభ్రమైన వాక్యాల్లో తిరిగి చెప్తాయి. నా అంకె ఇంకెంత దూరం పోతుందో నా చేతిలో లేదు.

ఈ ఆటలో నేను అన్నిటికంటే గౌరవించే కథ లిన్ హిల్‌ది. ప్రపంచంలో అత్యుత్తమ ఆరోహకురాళ్లలో ఒకరు. 1989లో ఫ్రాన్స్‌లో ఒక సులువైన బండ దగ్గర మాటల్లో పడి తాడు ముడి పూర్తి చేయడం మరిచిపోయింది. పైదాకా ఎక్కి, దిగడానికి వెనక్కి వాలితే తాడు ఊడిపోయింది. 70 అడుగులకు పైగా పడి, చెట్టు కొమ్మల వల్ల బతికింది. ఆవిడ పరికరాన్ని నిందించలేదు, తాడు పట్టినవాణ్ణి నిందించలేదు. నేను ముడి పూర్తి చేయలేదు అని చెప్పింది. అంత పెద్ద మనిషి అంత చిన్న తప్పు ఒప్పుకున్నది కాబట్టే, ఇవాళ ఎక్కే ముందు ఒకరి ముడి ఒకరు చూడండి అని కొత్తవాళ్లకు చెప్పేటప్పుడు ఆ కథ చెప్తారు. నాలుగేళ్ల తర్వాత 1993లో ఆవిడే అమెరికాలోని ఎల్ కాపిటాన్ మీది నోస్ దారిని, అప్పటిదాకా ఎవరూ చేయనట్టుగా, సొంత చేతులతో కాళ్లతో పూర్తిగా ఎక్కింది.

అమెరికన్ ఆల్పైన్ క్లబ్ 1948 నుంచి ఏటేటా ప్రమాదాల పుస్తకం వేస్తున్నది. ఎవరు ఎలా పడ్డారు, ఎందుకు పడ్డారు, ఏం చేసి ఉంటే పడేవాళ్లు కాదు అని అందులో ఉంటుంది. చాలాసార్లు పడ్డవాళ్లే చెప్తారు. తాడు కొస జారిపోయి పడ్డ ప్రమాదాలు అందులో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. నేను ఫోటోలు పెట్టడానికి వెచ్చించిన సమయంలో పదోవంతు ఆ పుస్తకం చదవడానికి వెచ్చించి ఉంటే ఆ కుర్రాడి మడమ బాగుండేది.

ఈ కథ మనకెందుకు, మేం బండలెక్కం కదా అని మీలో చాలామంది అనుకోవచ్చు. మన బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపులు ఒకసారి తెరవండి. షుగరుకు మందు, గుండెకు కషాయం, ఫలానా బ్యాంకు మూతపడుతుందన్న వార్త. పంపేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. మంచి జరగాలనే పంపుతారు. నేనూ మంచి జరగాలనే రాశాను. మనలో ఎవరైనా చూడకుండా చెయ్యి ఊపితే, అవతల ఒకరు లారీ నడుపుకుంటూ వస్తున్నారని మరిచిపోవద్దు. అందులోనూ ఈ బడిలో చదివినవాళ్లలో డాక్టర్లున్నారు, టీచర్లున్నారు, ఎరువుల కొట్టు నడిపేవాళ్లున్నారు. "మీరు చెప్తే చాలు" అనిపించుకునే స్థానంలో ఉన్నవాళ్లు. ఆ మాట అనిపించుకున్న రోజే ఎక్కువ భయపడాలని నాకు అనుభవం మీద తెలిసింది.

ఊరికే నీతులు చెప్పి దిగిపోను. ఒక చిన్న పని తలపెట్టాను. హెడ్‌మాస్టరు గారు ఒప్పుకున్నారు. మన పిల్లలు ఇప్పటికీ గుట్ట ఎక్కుతున్నారు, వద్దన్నా ఎక్కుతారు, మనం ఎక్కలేదా? అందుకని బడి లైబ్రరీలో "గుట్ట పుస్తకం" అని ఒక పెద్ద నోటుబుక్కు పెడుతున్నాం. గుట్ట మీద ఏ బండ, ఏ నెర్రె, ఏ చెట్టు, ఏ తేనెపట్టు గురించైనా పిల్లలు అందులో రాయవచ్చు. ప్రతి పేజీకి మూడు గడులు. నేను చూసింది. నేను విన్నది, ఎవరి దగ్గర విన్నదీ. నాకు తెలియనిది. తప్పు రాస్తే కొట్టివేయవచ్చు, కానీ చింపకూడదు, తెల్లరంగు పూయకూడదు. కొట్టివేసింది కింద కనిపించాలి, పక్కన తేదీ వేయాలి. నెలకో ఆదివారం నేనొచ్చి తాడు, హార్నెస్‌లు, హెల్మెట్లు తెస్తాను. ముందు నేర్పేది ఎక్కడం కాదు. తాడు కొసకు ముడి వేయడం.

ఆ కుర్రాడి సంగతి చెప్పాలి. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. ఎక్కువసేపు నిలబడితే మడమ నొస్తుందట. మళ్లీ బండ ఎక్కలేదు. ఈ సభలో తన కథ చెప్పవచ్చా అని అడిగితే, "చెప్పండి అన్నా, పేరు మాత్రం వద్దు, అమ్మ బాధపడ్తది" అన్నాడు.

చివరగా, సార్.

మీరు ముందు వరుసలో కూర్చున్నారు. మీకు గుర్తుందో లేదో. 1989లో మీరు నన్ను ఒక ప్రశ్న అడిగారు. నేను తప్పు జవాబు చెప్పాను. ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాతి నెలలో, నలభై దాటిన వయసులో, ఇక్కడికి వచ్చి తాడు కట్టుకుని పెద్ద గుండు ఎక్కాను. మూడుసార్లు పడ్డాను. నాలుగోసారి పైకి చేరాను. పైన బండే కాదు సార్. మంచమంత దొన ఉంది. మోకాలి లోతు కూడా లేదు కానీ నీళ్లున్నాయి, నీళ్లలో చిన్న చిన్న కప్పపిల్లలున్నాయి. దొన అంచున రాతిమీద చెక్కిన పేర్లున్నాయి. అందులో మీ పేరు కూడా ఉంది, కింద 1974 అని ఉంది.

మీకు అప్పుడే తెలుసు నేను ఎక్కలేదని. క్లాసు ముందు నా పరువు తీయలేదు. నిజం చెప్పే అవకాశం ఒకటి ఇచ్చి, వదిలేశారు. ఆ అవకాశం వాడుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. నన్ను క్షమించండి.